రాట్నం దిగినాక రాత్రి ఎక్కడ పడుకుంటారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో థీమ్ పార్కుల కంపెనీలు రిసార్టులు కడుతున్నాయనీ, ఓడలు కూడా నడుపుతున్నాయనీ పెద్ద వ్యాసం వేశారు. బాగుంది. కానీ రాసినాయన ఈ వ్యాపారాన్ని బయట నిలబడి చూశాడు. నేను లోపల ఉండి చూసినవాణ్ణి. మా ఊరి పక్క గండికోటకు కూడా రిసార్టులు వస్తాయంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం. నవ్వకండి. మాది జమ్మలమడుగు, వయసు అరవై మూడు, చదివింది పదో తరగతి. ముప్పై ఏళ్లు తిరునాళ్లలో రంగులరాట్నం, జెయింట్ వీల్, కొలంబస్ అనే ఊగే పడవ తిప్పాను. టికెట్టు తీసుకుని, గాల్లోకి లేపి, కాస్త భయపెట్టి, నవ్వించి కిందికి దించడమే కదా ఆ పార్కుల పని కూడా. వాళ్లది వందల ఎకరాలు. నాది రెండు లారీల్లో పట్టేది.

మా నాయనది చెక్క రాట్నం. ఎనిమిది గుర్రాలు, నాలుగు కుర్చీలు, చేత్తో తోసి తిప్పేది. నేను గుర్తెరిగేనాటికి టికెట్టు పది పైసలు. బ్రహ్మంగారిమఠం ఆరాధన, ప్రొద్దుటూరు దసరా, కదిరి తేరు, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న, ఇలా ఏడాది పొడవునా దారి మీదే బతుకు. ఆ రోజుల్లో తిరునాళ్లకు వచ్చినవాళ్లు రాత్రికి ఇంటికి పోయేవాళ్లు కాదు. చింతచెట్ల కింద బండ్లు విప్పి, అక్కడే పొయ్యి పెట్టి, చెక్కభజనో నాటకమో చూస్తూ తెల్లారేదాకా ఉండేవాళ్లు. మా నాయన లెక్క ఒకటే. పగలు వచ్చే డబ్బు స్థలం పాటకూ తైబజారుకూ సరి, రాత్రి వచ్చేదే మన ఇంటికి. రాయలసీమ ఎండలో గుర్రమెక్కేది ఎవరు? కడుపులో ఇంత పడి, చల్లగాలి తగిలి, పెట్రోమాక్స్ లైటు వెలిగితేనే పిల్లోళ్లు కొంగు పట్టుకుని గుంజుతారు.

తర్వాత బస్సులొచ్చాయి, ఆటోలొచ్చాయి, ఇంటికో మోటార్ సైకిల్ వచ్చింది. జనం పొద్దున వచ్చి, టెంకాయ కొట్టి, సాయంత్రానికల్లా ఇల్లు చేరుకోవడం మొదలుపెట్టారు. జనం తగ్గలేదు, ఇంకా పెరిగారు. మా గల్లా మాత్రం సగమైంది. రాత్రి పోయింది, అంతే. అమెరికాలో వాల్ట్ డిస్నీ కూడా ఈ లెక్క దగ్గరే దెబ్బ తిన్నాడని చాలా ఏళ్ల తర్వాత మా చిన్నోడు చెబితే తెలిసింది.

మా చిన్నోడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఓ క్రూయిజ్ ఓడలో గదులు సర్దే పని చేస్తున్నాడు. ఏడెనిమిది నెలలు నీళ్ల మీద, రెండు నెలలు ఇంట్లో. పోయిన ఎండాకాలం వచ్చినప్పుడు మిద్దె మీద పడుకుని ఈ కథంతా చెప్పాడు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో అనహైమ్ అనే ఊళ్లో, నారింజ తోటలు కొట్టేసిన 160 ఎకరాల్లో డిస్నీల్యాండ్ తెరిచారట. పార్కు కట్టేసరికి చేతిలో పైకం అయిపోయింది, హోటల్‌కు మిగల్లేదు. జాక్ రాథర్ అనే టీవీ నిర్మాతను ఒప్పించి పక్కనే హోటల్ పెట్టించాడు. పేరు డిస్నీల్యాండ్ హోటల్, గల్లా రాథర్‌ది. ఆ హోటల్ డిస్నీ కంపెనీ చేతికొచ్చింది 1988లో, వాల్ట్ డిస్నీ చనిపోయి ఇరవై ఏళ్లు దాటాక. ఈలోగా పార్కు గోడ చుట్టూ ఎవరెవరో లాడ్జీలు కట్టుకుని, టిఫిన్లు అమ్ముకుని బాగుపడ్డారు.

నాకు ఇది వింటుంటే మా రాట్నం పక్కన ఉగ్గాని బజ్జీ వేసే అవ్వ గుర్తొచ్చింది. మేం ఏ తిరునాళ్లకు పోతే ఆమె అక్కడికి వచ్చేది. తిన్నవాళ్లు రాట్నమెక్కుతారు, రాట్నం దిగినవాళ్లు తింటారు. లెక్క చూసుకుంటే మా కంటే ఆమెకే ఎక్కువ మిగిలేది. ఆమెకు గ్రీజు అక్కర్లేదు, బేరింగులు అక్కర్లేదు. మా అమ్మ ఊరుకునేది కాదు, బజ్జీలు కూడా మనమే వేసుకుందామని ఒకటే పోరు. మా నాయన ఒప్పుకోలేదు. అన్నీ మనమే అమ్మితే మన చుట్టూ ఎవరు నిలబడతారే అనేవాడు.

డిస్నీ మా అమ్మ మాట విన్నాడు. రెండోసారి ఫ్లోరిడాలో పార్కు పెట్టాలనుకున్నప్పుడు తన పేరు బయటికి రాకుండా, ఏవేవో చిన్న కంపెనీల పేర్ల మీద 27 వేల ఎకరాలకు పైగా కొన్నాడు. పేరు తెలిస్తే రేటు పెరుగుతుందని. ఈ తెలివి మన దగ్గర కూడా చూశాంలే. 1971 అక్టోబర్ 1న ఆ పార్కు తెరిచేనాటికి ఆయన లేడు గానీ ఆయన అనుకున్నది జరిగింది. పార్కుతో పాటే కాంటెంపరరీ, పాలినీషియన్ అని రెండు హోటళ్లు తెరిచారు. ఒకదాని కడుపులో నుంచే పార్కుకు పోయే మోనోరైలు నడుస్తుంది. మనిషి హోటల్లో లేచి, రైలెక్కి పార్కుకు పోయి, మళ్లీ ఆ హోటల్‌కే వచ్చి పడుకుంటాడు. కంపెనీ భూమి దాటి కాలు బయట పెట్టే పని లేదు. హోటల్లో దిగినవాళ్లను అందరికంటే అరగంట ముందు పార్కులోకి వదులుతారు. ఆ అరగంట కోసం గదికి ఎంతైనా ఇచ్చేవాళ్లున్నారట.

అన్నిచోట్లా ఇది పారలేదు. 1992లో డిస్నీ వాళ్లు పారిస్ దగ్గర పార్కుతో పాటే ఐదు వేలకు పైగా గదులు కట్టి కూర్చున్నారు. పార్కు గుమ్మం దాకా రైలు ఉంది. జనం పగలంతా చూసి, రైలెక్కి పారిస్‌కు పోయి పడుకున్నారు. మొదటి ఏళ్లలో భారీ నష్టాలు. పక్కన పారిస్ లాంటి ఊరున్నప్పుడు నీ గదిలో ఎందుకు పడుకుంటారు? మా నాయన అయితే స్థలం పాట పాడేముందే కనుక్కునేవాడు, చుట్టుపక్కల సత్రం ఉందా, ఆఖరి బస్సు ఎన్నింటికి అని.

ఇంక ఓడ. డిస్నీ వాళ్లు మొదట వేరే కంపెనీ ఓడలతో ఒప్పందం పెట్టుకుని చూసి, 1998లో డిస్నీ మ్యాజిక్ అని సొంత ఓడ దించారు. నేను కొలంబస్ తిప్పినవాణ్ణి కాబట్టి ఓడంటే నా మనసులో ముందుకూ వెనక్కూ ఊగేదే. మా చిన్నోడు నవ్వాడు. "ఓడంటే ఏమనుకుంటున్నావు నాయనా, బయటికి పోవడానికి లేని లాడ్జి" అన్నాడు. తిండి లోపల, ఆట లోపల, నిద్ర లోపల. చేతికో కార్డు ఇస్తారు. కూల్‌డ్రింకు తాగినా, ఫొటో తీయించుకున్నా ఆ కార్డు మీద రాసుకుంటారు, దిగేరోజు లెక్క చెప్తారు. దారిలో ఒక దీవిలో ఆపుతారు, అక్కడైనా ఏ ముసలామో కొబ్బరి బోండాలు అమ్ముకుంటుందా అంటే, ఆ దీవి కూడా కంపెనీదే. బహమాస్‌లో గోర్డా కే అనే దీవి తీసుకుని కాస్టవే కే అని పేరు మార్చారు డిస్నీ వాళ్లు. ఇంకొన్ని ఓడల కంపెనీలకూ అలాంటి దీవులున్నాయి. ఉగ్గాని అవ్వకు చోటే లేని తిరునాళ్ల అది.

ఇదేదో అమెరికా వాళ్ల సంగతి అనుకోకండి. మలేసియాలో కొండ మీద హోటళ్లు, థీమ్ పార్కు పెట్టిన గెంటింగ్ వాళ్లు 1993లోనే స్టార్ క్రూయిజెస్ అని ఓడలు మొదలుపెట్టారు. వాళ్ల హాంకాంగ్ కంపెనీ జర్మనీలో కట్టిస్తున్న ఒక మహా ఓడ సగంలో ఉండగానే 2022లో దివాలా తీసింది. ఆ సగం ఓడను డిస్నీ కొని, పూర్తి చేయించి, డిస్నీ అడ్వెంచర్ అని పేరు పెట్టి సింగపూర్‌ను దాని రేవుగా చేసుకుంది. ఆరు వేలకు పైగా మనుషులు పడతారు. మా వైపు ఓ మోస్తరు పల్లెలు రెండు మూడు మొత్తం ఎక్కొచ్చు. సింగపూర్ అంటే మనవాళ్లకు ఎంత దూరం? మా వీధిలోనే ఇద్దరు వెళ్లొచ్చారు.

మన దేశంలో ముంబయి పక్కన ఎస్సెల్ వరల్డ్ పార్కు పెట్టిన గ్రూపు వాళ్లే 2019లో జలేశ్ అని ఓడల కంపెనీ తెచ్చారు. ఏడాది తిరక్కుండానే కోవిడ్ వచ్చింది. 2020లో కంపెనీ మూతబడి, వాళ్ల కర్ణిక అనే ఓడ గుజరాత్‌లో అలంగ్ ఒడ్డున పాత ఇనుమైంది. ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. అదే 2020లో నా కొలంబస్‌ను కూడా ప్రొద్దుటూరు గుజిరీకి కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చాను. ఆ ఏడాది తిరునాళ్లన్నీ ఆగిపోయాయి, లారీ బాడుగ కట్టే దారి కనిపించలేదు. పడవ తల మీద నేనే రంగులేసిన సింహం బొమ్మ ఉండేది. గుజిరీ అతను దాన్ని కూడా ఇనుము లెక్కలోనే తూచాడు.

అందరూ మునిగారనీ కాదు. వండర్‌లా వాళ్లు 2005లో బెంగళూరు దగ్గర పార్కు పెట్టి, ఏడేళ్లు నడిపి, 2012లో దాని పక్కనే 84 గదుల రిసార్టు కట్టారు. ముందు జనాన్ని చూసి, తర్వాత మంచాలు వేశారు. మా తిరునాళ్ల పద్ధతి అది. మన రామోజీ ఫిల్మ్ సిటీలో సితార, తార అని హోటళ్లున్న సంగతి మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సొంత గొడవ చెప్పుకోవాలి. మనవరాలి కోసం ఓసారి ఒక పెద్ద పార్కుకు వెళ్లాం. ఏ పార్కో చెప్పను. మా ఇంటామె తెల్లవారుజామున మూడింటికి లేచి చిత్రాన్నం కలిపి, శెనక్కాయల పొడి వేసి, స్టీలు డబ్బాకు గుడ్డ కట్టి తెచ్చింది. గేటు దగ్గర డబ్బా ఆపేశారు. బయటి తిండి లోపలికి పోకూడదట. మేం నలుగురం ఆ గేటు పక్కన చెప్పులు విడిచి, కింద కూర్చుని, పొద్దున తొమ్మిదింటికే మధ్యాహ్నం అన్నం తినేసి లోపలికి పోయాం. మళ్లీ ఒంటిగంటకు ఆకలైతే లోపల నాలుగు ప్లేట్లకు పెట్టిన డబ్బుతో ఇంట్లో నెల సరుకులు వచ్చేవి. మా ఇంటామె ఆ కోపం ఇప్పటికీ దించుకోలేదు. నాకు మాత్రం కోపం రాలేదు, అసూయ వచ్చింది. మా నాయన అవ్వను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, వీళ్లు అవ్వను గేటు బయటే ఆపేశారు అనుకున్నాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే గండికోట గురించి. మా ఊరికి పదిహేను కిలోమీటర్లు. పెన్నా లోయ, మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, మీరు ఫొటోలు చాలాసార్లు వేశారు. 2023 జూలైలో అక్కడ ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన చేశారు. 2024లో రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, ఆ ఏడాది చివర్లోనే కేంద్రం గండికోట అభివృద్ధికి రూ.77 కోట్లకు పైగా మంజూరు చేసింది. రిసార్టులు వస్తాయి, బోట్లు వస్తాయి అంటున్నారు. రానీండి. నేను వద్దనేవాణ్ణి కాదు. పెద్ద హోటల్ వస్తే పెద్ద కార్లు వస్తాయి, వాటిలో వచ్చినవాళ్లు కూడా మనుషులే, వాళ్లకూ ఉగ్గాని రుచిగానే ఉంటుంది.

నా భయం వేరు. అనహైమ్‌లో గోడ బయట లాడ్జీలు కట్టుకున్నవాళ్లు బాగుపడటం డిస్నీకి నష్టం, ఆ ఊరికి లాభం. ఫ్లోరిడాలో కంపెనీ ఆ పొరపాటు మళ్లీ చేయలేదు. మన ప్రభుత్వం కంపెనీ కాదు కదా, ఊరి తరఫున ఉండాల్సింది. ఏ పెట్టుబడిదారుకైనా స్థలం ఇచ్చేటప్పుడు ఎన్ని వందల కోట్లు పెడతారు, ఎన్ని గదులు కడతారు అనే అడుగుతున్నారు. గోడ ఎక్కడ కడతారు, గోడ బయట ఎవరికి ఎంత చోటు వదులుతారు అని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. లోయ కనిపించే మంచి చోటంతా ఒక్క హోటల్ బాల్కనీలకే పోతే, నూటయాభై రూపాయల బస్సు టికెట్టుతో వచ్చినవాడు ఏం చూసిపోవాలి?

ఇప్పుడు అక్కడ రాత్రి ఉండాలంటే టూరిజం వాళ్ల హోటల్ ఉంది, కుర్రాళ్లు బాడుగకిచ్చే టెంట్లు ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఇవి చాలవు. మామూలు సంసారి, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మతో వస్తే టెంటులో ఎలా పడుకుంటాడు? సూర్యుడు దిగిపోయే వేళ చూడాలని అంత దూరం వస్తారు, ఆఖరి బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌తో సూర్యుడు దిగకముందే వాళ్లు దిగిపోతారు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి, తాగేనీళ్లుండాలి, రాత్రి ఎనిమిదింటికి జమ్మలమడుగుకు ఒక బస్సుండాలి. చుట్టుపక్కల ఇళ్లలో ఒక గది, ఒక బాత్‌రూము బాగుచేసుకుని వెయ్యి రూపాయలకు అద్దెకిచ్చుకోవడానికి బ్యాంకు అప్పు ఇవ్వాలి. రిసార్టులకు సబ్సిడీ ఇచ్చే చేత్తో దీనికీ ఓ పిడికెడు ఇస్తే చాలు. గండికోట రిజర్వాయరు కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. 26 టీఎంసీలకు పైగా నీళ్లు నిలబడ్డాయి, మంచిదే, కానీ రేపు ఆ నీళ్ల మీద బోటు తిప్పి డబ్బు చేసుకునేటప్పుడు మునిగిన ఊళ్ల పిల్లోళ్లకు స్టీరింగు దగ్గర కాకపోయినా టికెట్టు కౌంటరు దగ్గరైనా కుర్చీ వేయాలా వద్దా?

బోటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నేను రోజూ సాయంత్రం నాలుగింటికి స్పానర్ పట్టుకుని జెయింట్ వీల్ బోల్టులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసేవాణ్ణి. ముప్పై ఏళ్లలో నన్ను ఆ పని చేశావా అని అడిగిన అధికారి ఒక్కడు లేడు. స్థలం రశీదు ఉందా అని మాత్రం అందరూ అడిగారు. ఒకసారి కదిరిలో జనరేటర్ ఆగిపోయి పైన తొట్లలో ఇరవై మంది నలభై నిమిషాలు వేలాడారు. చేత్తో గొలుసు లాగి ఒక్కో తొట్టీ దించాం. ఒక పెద్దాయన దిగీదిగగానే నా చెంప పగలగొట్టాడు, నేను మాట్లాడలేదు, తప్పు నాదే, డీజిల్ చూసుకోలేదు. నేల మీద కాబట్టి చెంపదెబ్బతో పోయింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి ఎంతమంది పోయారో మీరే మొదటి పేజీలో వేశారు. పెన్నా లోయలో బోటు తిప్పే ముందు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టే మనిషిని పెట్టమనండి. రిబ్బన్ కత్తిరించే మనిషి ఎలాగూ దొరుకుతాడు.

ఉత్తరం పొడవైంది, తెలుసు. కత్తిరించాల్సి వస్తే డిస్నీ సంగతి కత్తిరించండి, ఎనిమిదింటి బస్సు సంగతి మాత్రం ఉంచండి.

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక నెల్లూరు నుంచి వచ్చిన ఓ కుటుంబం మా వీధిలో ఆగి లాడ్జి ఎక్కడని అడిగారు. గండికోట చూసి ఆటోలో వచ్చారట. బస్టాండు దగ్గర గదులు నిండిపోయాయి. చంటిబిడ్డ ఏడుస్తోంది. మా మిద్దె మీద చాపలు వేసి, దోమతెర కట్టి, ఎర్రకారం దోసెలు పోసి పెట్టింది మా ఇంటామె. పొద్దున పోయేటప్పుడు ఆయన ఐదు వందల నోటు ఇవ్వబోతే, ఇంటికొచ్చినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటామా అని వెనక్కి ఇచ్చేసింది. నేనైతే తీసుకునేవాణ్ణే.

ఇట్లు,
ఒక పాత రాట్నం యజమాని,
జమ్మలమడుగు, కడప జిల్లా